కారు నెత్తిన కిటికీ

3వ తేదీ, సోమవారం

కారు నెత్తిన చిల్లు పెట్టాడు.

ఎనిమిది రోజులు. కంట్లో పొర తీయించుకుని చెల్లెలింట్లో ఎనిమిదంటే ఎనిమిది రోజులున్నాను. కట్టు విప్పుకుని ఇంటికొచ్చి మొట్టమొదట చూసింది అదే. చూపు బాగా వస్తుందన్నాడు డాక్టరు. బాగానే వచ్చింది. ఇంత బాగా రాకపోయినా పోయేది.

మా ఆయన కారు మా రిపేరు షెడ్డులో ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఇరవై ఆరేళ్ళ కారు. ఆయన పోయి ఆరేళ్ళయినా వారం వారం నేనే తుడుస్తాను. దాని పైరేకు మధ్యలో నలుచదరంగా కోసేసి అద్దం బిగించాడు అల్లుడు. సన్‌రూఫ్ అట. పాత కార్లన్నిటికీ ఇక ఇదే పెడతాడట, దీన్ని మచ్చుకి చేశాడట.

"అత్తయ్యా, లోపల కూర్చుని ఒక్కసారి పైకి చూడండి. ఆకాశం కనిపిస్తుంది!"

"ఆకాశం చూడాలంటే గుమ్మం దాటితే చాలదా అల్లుడుగారూ?" అన్నాను.

నవ్వాడు. హాస్యమాడాననుకున్నాడు.

లోపల పైకప్పుకి గుడ్డ లేదు. నేను కుట్టిన గుడ్డ. ఆయన కమ్మీలు పట్టుకుంటే నేను వెల్లకిలా పడుకుని కుట్టాను. మేమిద్దరం కలిసి చేసిన ఆఖరి లైనింగు అదే. ఎక్కడుందని అడగలేదు. అడక్కుండానే కనిపించింది. గ్రీజు డబ్బా కింద పరిచి ఉంది.

అమ్మాయిని వంటింట్లో పట్టుకున్నాను. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే ఒప్పుకోవు కదా."

ఒప్పుకోనని తెలిసే నేను లేనప్పుడు చేశారన్నమాట. అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఏమిటో అనుకునేదాన్ని. అందులో కూతురి చెయ్యి కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ నోటితో అంటే ఇల్లు రెండవుతుంది. నాలుగో తరగతి చదువైనా అక్షరాలు వచ్చు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా అల్లుడుగారూ, మీరూ అంటాను. ఇక్కడ మాత్రం వాడే.

4వ తేదీ

వాడి టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయాను. కావాలని కాదు.

5వ తేదీ, బుధవారం

ఇవాళ కూడా మర్చిపోయాను. వాడు మారు మాట్లాడకుండా తాగేశాడు. ఇంకా ఒళ్ళు మండింది.

పదకొండింటికి ఒకాయన వచ్చాడు. పన్నెండు కార్లున్నాయి ఆయనకి, అన్నీ పాతవే. పెళ్ళిళ్ళకీ షికార్లకీ అద్దెకిస్తాడు. లావుపాటి మనిషి, చిన్న గొంతు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు, అద్దం మీద వేలితో కొట్టి చూశాడు.

"చూడ్డానికి బాగుందయ్యా. వానొస్తే?"

"చుక్క దిగదు సార్. అద్దం సందులోంచి నీళ్ళు దిగినా కింద తొట్టిలాంటిది ఉంది. దాని నాలుగు మూలలా సన్న గొట్టాలున్నాయి. నీళ్ళు వాటిలోంచి చక్రాల దగ్గరికి పోతాయి."

"నోటితో చెప్పకు. వాన పడనీ, అందులో ఒక చుట్టు తిప్పు. చుక్క పడిందా, నీకో దణ్ణం. పడలేదా, పన్నెండూ నీకే."

నేను మంచినీళ్ళిచ్చాను. ఎవరీ పెద్దావిడ అని అడిగాడు.

"మా అత్తయ్య. వెనకటికి లైనింగులు కుట్టేవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుందిలెండి. మనదంతా జిగురు పనే సార్, స్పాంజి గుడ్డ అంటించేస్తాం, గంటలో అయిపోతుంది."

గ్లాసు నా చేతిలోనే ఉంది. అది వణకలేదు. వాడు చూడలేదు.

షెడ్డు బోర్డు మీద ఇంకా మా ఆయన పేరే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం, చెట్టుని మాత్రం గొడ్డలితో నరకడం.

6వ తేదీ

వణుకుతుందట.

మైనం దారం సూదిలోకి మూడుసార్లు ఎక్కించాను. మూడుసార్లూ మొదటి పోటుకే ఎక్కింది, అదీ ఒక కంటితో.

9వ తేదీ, ఆదివారం

రాస్తుంటే నవ్వాగడం లేదు.

రెండ్రోజులుగా ఎండ మండిపోతోంది. షెడ్డు రేకుల కింద కారు పొయ్యిలా ఉంది. మధ్యాహ్నం అల్లుడు తలుపు తీసేసరికి వాడు మొన్న అంటించిన స్పాంజి గుడ్డ మొత్తం ఊడి సీట్ల మీద పడి ఉంది, బొంతలాగా. జిగురు కరిగిపోయింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. వాడు గుడ్డ ఎత్తి పట్టుకుని అలా నిలబడిపోయాడు, ఉతికిన దుప్పటి ఆరేయడానికి తాడు దొరకనివాడిలా.

సాయంత్రం అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. కాళ్ళు నొక్కనా అంది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అడగలేదు.

"ఏం కావాలో చెప్పు."

"ఆ లైనింగు నువ్వు కుడితేనే నిలబడేట్టుందమ్మా. ఆయన అడగమన్నారు."

"ఆయనకి నోరుంది కదా."

"మొహమాటం."

"రేకు కోసినప్పుడు లేని మొహమాటం గుడ్డకి వచ్చిందా? నా చెయ్యి వణుకుతుందని చెప్పు."

వెళ్ళి చెప్పింది. కాసేపటికి వాడే వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు.

"అత్తయ్యా, ఆ మాట... మొన్న కార్లాయన ఎదురుగా ఏదో అనేశాను."

"ఏ మాట అల్లుడుగారూ?"

"అదే."

"నాకు గుర్తులేదే. మీరే గుర్తు చెయ్యండి."

చెయ్యలేదు. తలొంచుకుని నిలబడ్డాడు. చివరికి, కుడతాను లెండి, అన్నాను.

కసి కొంత తీరింది. పూర్తిగా కాదు.

11వ తేదీ, మంగళవారం

రెండు రోజులు కుట్టాను. సీట్లన్నీ తీసేసి చెక్క వేశారు. దాని మీద పడుకుని, పైకి చేతులెత్తి కుట్టాలి. మోకాలు మడత పడడం లేదు. ఎప్పుడూ ఎక్కినట్టు ఎక్కలేక వెనక తలుపులోంచి తల ముందు పెట్టి దూరాల్సొచ్చింది. నడుం పట్టేసింది. గుడ్డ నాలుగు వైపులా గుడారంలా వేలాడుతుంటే లోపల ఉక్క, చీకటి. కంట్లో నీళ్ళు కారుతుంటే భయమేసింది. ఆపరేషను చేసిన కన్ను, చెమట పడితే చీము పడుతుందేమో. డాక్టరు పడుకోమన్నాడు, ఇలా పడుకోమనలేదు.

మూలన ఆ గొట్టం కనిపించింది. వేలంత లావు కూడా లేదు. రబ్బరుది. మెత్తగా ఉంది.

పొరపాటున దారంలో చిక్కుకుందని రాద్దామనుకున్నాను. అలా రాస్తే ఈ పుస్తకం కూడా నమ్మదు. మడిచాను. మడిచిన చోట మైనం దారం ఆరు చుట్లు చుట్టి బిగించాను. నా కుడిచేతి వైపు మూల. అది స్టీరింగు వైపు. వాన పడి తొట్టి నిండితే నీళ్ళు తిన్నగా వాడి నెత్తిన పడతాయి, పన్నెండు కార్లాయన ఎదురుగా. ఎవరి చెయ్యి వణుకుతుందో అప్పుడు చూద్దాం.

పైన గుడ్డ కుట్టేశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఇది పగ కాదు. బుద్ధి చెప్పడం.

12వ తేదీ

నీళ్ళు లోపల పడితే వైర్లు కాలుతాయా? బ్రేకులు పట్టవా? వాడు నెత్తిన నీళ్ళు పడి ఉలిక్కిపడి స్టీరింగు వదిలేస్తే? ఎదురుగా లారీ వస్తే? వెనకాల మనవరాలు కూర్చుంటే? దానికి జలుబు చేస్తే ఊరికే చెవి నొప్పి వస్తుంది.

భోజనాల దగ్గర మాటవరసకి అడిగినట్టు అడిగాను. "అల్లుడుగారూ, ఒకవేళ, ఒకవేళ లోపల నీళ్ళు పడితే కారుకేమవుతుంది?"

"కారుకేం కాదత్తయ్యా. నాకే అవుతుంది," అన్నాడు.

వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాక అమ్మాయి చెప్పింది. ఈ పన్నెండు కార్లు రాకపోతే షెడ్డు ఎత్తేస్తారట. టైర్ల కొట్టువాడు స్థలం అడుగుతున్నాడట. అల్లుడు ఏదో కంపెనీ వర్క్‌షాపులో చేరతాడట.

"మరి నా కుట్టు మిషను?"

"ఇంట్లో ఎక్కడ పడుతుందమ్మా అది? ఎవరికైనా ఇచ్చేద్దాం."

కంచం పక్కకి జరిపాను. నలభై రెండేళ్ళు ఆ షెడ్డులో కూర్చున్నాను. ఆయన కొట్టిన మేకుకే ఇప్పటికీ కత్తెర తగిలిస్తాను. ఆ చోట టైర్లా!

రేపు పొద్దున్నే గొట్టం విప్పేస్తాను. వాడి కోసం కాదు.

13వ తేదీ, గురువారం

పొద్దున్నే వెళ్ళాను. సీట్లు పెట్టేశాడు. కారు తళతళలాడుతోంది.

"ఒక కుట్టు సరిగా పడలేదనిపిస్తోంది. ఒక్క అరగంట ఇస్తారా?"

వాడు లోపలికి తొంగిచూసి పైన గుడ్డని అరచేత్తో నిమిరాడు. ముడత లేదు, గీత లేదు. మా ఆయనైతే చూడగానే ఒక్కసారి ఈలవేసేవారు.

"పర్వాలేదు అత్తయ్యా. నడుస్తుంది."

పర్వాలేదట! నడుస్తుందట!

"సరే అయితే," అని వచ్చేశాను. ఉండనీ. తడవనీ.

14వ తేదీ

ఎండ.

15వ తేదీ

మబ్బు పట్టింది. పడలేదు. పడు. పడకు.

16వ తేదీ

షెడ్డు పోతే పోతుంది. నేను పోయినా పోయేదే కదా. వాడు మాత్రం తడవాలి.

కాదు. రేపు విప్పేస్తాను. అమ్మాయిని తాళం చెవి అడిగితే ఆయన జేబులోనే ఉందంది. స్నానానికి కూడా తీసుకెళ్తున్నాడు.

17వ తేదీ

నాకు బీపీ పెరిగింది. ఇది కూడా వాడి వల్లే.

19వ తేదీ, బుధవారం

పడింది.

తెల్లవారేసరికి పట్టుకుంది, బకెట్లతో కుమ్మరించినట్టు. తొమ్మిదింటికల్లా పన్నెండు కార్లాయన గొడుగేసుకుని దిగాడు. నేను తలుపు చాటునే ఉండిపోదామనుకున్నాను. ఆయనే పిలిచాడు.

"లైనింగు కుట్టింది మీరేనటగా అమ్మా! అబ్బాయి చెప్పాడు. ఇంత నున్నటి పని ఈమధ్య చూడలేదు. మీరూ రండి, ముందు కూర్చోండి. నాకు వెనకసీటు కావాలి, అద్దెకి తీసుకునేవాళ్ళంతా వెనకే కదా కూర్చునేది."

వద్దంటే అనుమానం. ఎక్కాను. వాడు స్టీరింగు దగ్గర, నేను పక్కన, వెనక ఆయనా అమ్మాయీ. మనవరాలు బడికెళ్ళింది, ఆ ఒక్కటీ నయం.

రోడ్డెక్కాం. అద్దం మీద వాన పేలాలు వేయిస్తున్నట్టు చప్పుడు చేస్తోంది. నేను పైకి చూడలేదు, రోడ్డు చూడలేదు. వాడి నడినెత్తి చూస్తున్నాను. నున్నగా దువ్వుకున్నాడు. రెండు వీధులు దాటాం, వంతెన దాటాం. పొడిగానే ఉంది. ముడి జారిపోయిందా? నా ముడి జారడమా? భయం పోయి రోషం వచ్చింది.

సిగ్నలు దగ్గర బ్రేకు వేశాడు.

టప్‌మని నా పాపిట్లో పడింది.

ఇంకోటి. తర్వాత లెక్కలేదు, సన్నటి ధార నా మెడ వెనక నుంచి వీపులోకి దిగింది. చల్లగా. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎప్పుడూ కాళ్ళు ముందుకి పెట్టి పడుకునేదాన్ని, కుడిచేయి స్టీరింగు వైపు ఉండేది. ఈసారి మోకాలి కోసం తల ముందు పెట్టాను. మనిషి తిరగబడితే కుడి ఎడమలు కూడా తిరగబడతాయని నలభై రెండేళ్ళు చేసినదాన్ని, నాకు తట్టలేదు.

కేక పెడితే చాలు. ఒక్క కేక. పన్నెండు కార్లాయన వెనకే ఉన్నాడు. వాడి పని అక్కడితో ఆఖరు. అదే కదా నేను కోరుకున్నది.

భుజాల మీది శాలువా నెత్తి మీదుగా లాక్కున్నాను.

వాడి కోసం కాదు. టైర్ల కొట్టువాడి మొహం గుర్తొచ్చింది.

"ఏంటమ్మా, ముసుగేశారు?" అన్నాడు వెనకాయన.

"ఏసీ చలి బాబుగారూ. వయసు."

ధార పడే చోటికి తల సరిచేసుకుని కదలకుండా కూర్చున్నాను. శాలువా మొత్తం పీల్చుకుంటోంది. కొసలు బరువెక్కి నా ఒళ్ళోకి కారడం మొదలుపెట్టాయి. అప్పుడు వాడు చూశాడు. అల్లుడు. ఒక్క చూపు శాలువా మీద, ఒక్క చూపు పై మూల మీద, తర్వాత నా మొహం మీద. వాడి మెడ మీద నరం లేచింది.

ఏసీ ఆపేశాడు. ఆపేసి గొంతు పెంచి వెనకాయనతో మొదలుపెట్టాడు, అద్దం ఎక్కడిదో, దాని చుట్టూ వేసిన రబ్బరు బీడింగు ఎన్నేళ్ళు మన్నుతుందో. అప్పటినుంచి బ్రేకు వేసినట్టే లేదు. గుంతల దగ్గర ముందునుంచే నెమ్మదిస్తున్నాడు. మలుపు తిరిగితే నీళ్ళు వాడి వైపుకి ఒరిగేలా వెడల్పుగా తిరుగుతున్నాడు. నీళ్ళ పళ్ళెం నెత్తిన పెట్టుకుని నడిచేవాడిలా నడిపాడు. ధార తగ్గి చుక్కలయింది. ఇద్దరం ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

షెడ్డు ముందు ఆగాక పన్నెండు కార్లాయన వెనకసీటంతా అరచేత్తో తడిమాడు, పైన లైనింగు తడిమాడు.

"చుక్క లేదయ్యా! సోమవారం మొదటి కారు పంపిస్తా."

ఆయన గొడుగు కనుమరుగయ్యేదాకా నేను దిగలేదు. దిగితే సీటు మీద మడుగు బయటపడుతుంది.

"అమ్మా, నువ్వేంటి ఇలా తడిశావు?" అంది అమ్మాయి.

"దిగేటప్పుడు వాన కదే," అన్నాడు వాడు. నేను అప్పటికి ఇంకా దిగనేలేదు.

20వ తేదీ

జలుబు. జ్వరం లేదు గాని వస్తుందేమో. మాత్ర ముందే వేసుకున్నాను.

వాడొక్కడే షెడ్డు తలుపేసుకుని లైనింగు విప్పుతున్నాడు. నా కుట్టు విప్పుతుంటే చప్పుడు తెలుస్తుంది నాకు.

తర్వాత నా గదిలోకొచ్చాడు. అరచేతిలో మైనం దారం ముక్క. ఆరు చుట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"ఈ ముడి మీదేనా అత్తయ్యా?"

ఇంత గట్టి ముడి ఈ ఇంట్లో ఇంకెవరు వేస్తారు? "నాదే," అన్నాను.

"నా వైపనుకుని కట్టారా?"

"ఆ."

"తల ముందుకి పెట్టి పడుకున్నారు కదూ?"

ఆ సంగతి ఎలా పట్టాడో. పని తెలిసినవాడే. ఒప్పుకోక తప్పదు. "మోకాలు" అన్నాను.

మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే అనాల్సినవన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. గ్రీజు డబ్బాతో మొదలుపెట్టాలనుకున్నాను.

"మీ అమ్మాయికి చెప్పను," అన్నాడు. "చెబితే మీ ఇద్దరికీ మాటలుండవు. కానీ ఊరుకోను కూడా. పన్నెండు కార్లకీ లైనింగు మీరే కుట్టాలి. జిగురు మానేశాను. కుట్టిన ప్రతి కారుమీదా పైపుతో నీళ్ళు కొడతాను. కొట్టినంతసేపూ మీరు లోపల కూర్చోవాలి. శాలువా లేకుండా."

"ఒకవేళ కారితే?"

"తడుస్తారు."

"ముసలిదాన్ని చంపుతారా?"

"ఆరు చుట్లు చుట్టినప్పుడు నేను గుర్తొచ్చానా అత్తయ్యా?"

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఆ పాత గుడ్డ... కుట్లు విప్పకుండా చింపేశాను. చూసి విప్పాల్సింది. తప్పు నాదే," అన్నాడు.

అంత మాటతో పోయేది కాదు అది. కానీ అన్నాడు. రాసిపెట్టుకుంటున్నాను.

24వ తేదీ, సోమవారం

మొదటి కారు వచ్చింది. తెల్లది, లోపల సిగరెట్ వాసన. మధ్యాహ్నానికి వాడు పైరేకు కోసి అద్దం బిగించాడు. ఇక నాది రెండు రోజుల పని. కుట్టేముందు నాలుగు గొట్టాల్లోనూ చెంబుతో నీళ్ళు పోసి చూశాను. చక్రాల దగ్గర వంగి చూడమని అమ్మాయిని నిలబెట్టాను. "నీకెందుకమ్మా ఇంత అనుమానం?" అంటుంది. దానికేం తెలుసు.

నిద్ర లేదు. కలలో కూడా కారుతోంది.

26వ తేదీ, బుధవారం

పదింటికి లోపల కూర్చున్నాను. శాలువా లేదు. నెత్తిన కొంగు కూడా కప్పుకోలేదు. వాడు తలుపులు నాలుగూ మూశాడు, పైపు పట్టుకున్నాడు.

నీళ్ళు అద్దం మీద పడుతుంటే నెత్తిన పడుతున్నట్టే ఉంది. పైకి చూస్తూ కూర్చున్నాను. ముందు మూలలు. వెనక మూలలు. ఐదు నిమిషాలు. పది. గుడ్డ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడి. ఎండుటాకులా ఉంది.

అప్పుడు బయటికి చూశాను. షెడ్డులో గాలి ఎదురుగా వీస్తోంది. కొట్టిన నీళ్ళు రేకుకి తగిలి సగానికి సగం వాడి మీదికే ఎగురుతున్నాయి. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నున్నగా దువ్విన జుట్టు కళ్ళలోకి దిగింది. చెప్పుల్లో నీళ్ళు చపచపమంటున్నాయి. చాలన్నట్టు పైపు దించబోయాడు.

కిటికీ అద్దం వేలెడు దించాను.

"అల్లుడుగారూ, ఆ వెనక మూల సరిగ్గా తడవలేదు. ఇంకాసేపు కొట్టండి."

కొట్టాడు.

"ముందువైపు కూడా."

కొట్టాడు. ముక్కు కొస నుంచి కారుతోంది.

"మళ్ళీ వెనక. అనుమానంగా ఉంది నాకు."

అరగంట తర్వాత తలుపు తీసుకుని దిగాను. చీర కుచ్చిళ్ళు కూడా తడవలేదు. వాడు నిలువునా తడిసి నిలబడి ఉన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. నా నెత్తి వైపు చూశాడు, భుజాలు చూశాడు, చుట్టూ తిరిగొచ్చి వీపు కూడా చూశాడు.

"పొడిగా ఉన్నారు," అన్నాడు.

"పర్వాలేదు, నడుస్తుంది," అన్నాను.

లోపలికొచ్చి టీ పెట్టాను. చక్కెర వేశాను, రెండు చెంచాలు. వాడికి జలుబు చేస్తే రేపు పైపు ఎవరు పట్టుకుంటారు?

ఇంకా పదకొండు కార్లున్నాయి.